ముట్టుకోని ఎనిమిది లక్షలు

ఇమిగ్రేషన్ ఆఫీసు గేటుకు ఎదురుగా ఉన్న జిరాక్స్ కొట్టు నాదే. ఇరవై రెండేళ్లుగా నాదే. నా పేరు ఉబోన్. జిరాక్స్‌లు తీస్తాను, ఫోటోలు తీస్తాను, ఫారాలు నింపుతాను. మా జిల్లాలో కాపురం పెట్టిన పరంగి ముసలివాళ్లందరి మోకాళ్ల నొప్పులూ, పింఛన్లూ, పెళ్లాల పోరూ నాకు తెలుసు. వీసా పొడిగించుకోవడానికి లోపలికి పోయేముందు ప్రతివాడూ నా దగ్గర ఆగాల్సిందే. నా మాట కొంచెం గట్టిది, ఒప్పుకుంటాను. కానీ నా చేత్తో కట్టిన కాగితాలు పట్టుకుపోయి వెనక్కి తిరిగొచ్చినవాడు లేడని పదిమందిలో చెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఆ గొప్ప తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

నేను చెప్పబోయేది పిమ్పా గురించి. ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో, నది ఒడ్డున వాళ్ల పల్లె. ఇవతలి గట్టు మా థాయ్‌లాండ్, అవతలి గట్టు లావోస్. పిమ్పాకు ఇరవై ఏళ్లప్పుడే పెళ్లయింది, ఊరి పెళ్లే, కాగితాల్లో రాయించింది కాదు. మొగుడు తైవాన్‌కు కూలికి పోయాడు. రెండేళ్లు డబ్బు పంపాడు, మూడేళ్లు కబురు పంపాడు, ఆ తర్వాత ఏదీ లేదు. పిల్లలు లేరు. ఇక ఈమె బ్యాంకాక్ చేరి ఒక హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ పద్దెనిమిదేళ్లు గడిపింది. మోచేతుల దాకా కాలిన మచ్చలు. తల్లి మంచాన పడితే తిరిగొచ్చింది, తల్లి పోయాక ఇక్కడే ఉండిపోయింది. నది గట్టున బండి పెట్టి పంది ఎముకల పులుసులో లావు సేమ్యా వేసి అమ్మేది. పొద్దున పదింటికల్లా గిన్నె ఖాళీ అయ్యేది. అంత బాగుండేది మరి.

ప్రేబెన్ ఆ బండి దగ్గరికే వచ్చాడు. డెన్మార్క్ మనిషి. నలభై ఏళ్లు సరుకు ఓడల్లో ఇంజన్ల దగ్గర పనిచేసినవాడు. ఏ దేశం జెండా ఉన్న ఓడ దొరికితే ఆ ఓడ ఎక్కాడు గనక సొంత దేశం ఇచ్చే పింఛను అంతంత మాత్రమే. అరవై నాలుగో ఏట నది చూద్దామని బస్సు దిగాడు. మూడు రోజులు వరసగా పిమ్పా బండి దగ్గర తిన్నాడు. నాలుగో రోజు ఆమె గ్యాస్ పొయ్యి వాసన కొడుతుంటే, అడక్కుండానే వంగి, జేబులోంచి చిన్న రెంచి తీసి బిగించాడు. ఎంత ఇవ్వమంటావని ఆమె వేళ్లతో అడిగితే, అతను గిన్నె చూపించాడు. అంతే, ఆ తర్వాత బస్సు ఎక్కలేదు.

పల్లెలో పెళ్లి చేశారు. సాధువులకు భోజనం పెట్టారు, పందిని కోశారు, ఊరంతా వచ్చి ఇద్దరి మణికట్లకూ తెల్ల దారాలు కట్టారు. ఆ రోజు నుంచి ఊళ్లో ఆమెను ప్రేబెన్ పెళ్లామనే పిలిచారు. కానీ తహసీలు ఆఫీసులో పెళ్లి రాయించుకోలేదు. రాయించుకోకపోవడానికి కారణం ఎవరో కాదు, నేనే.

అప్పుడు ఇద్దరూ మోటార్ సైకిల్ మీద మొదటిసారి నా కొట్టుకు వచ్చారు. పిమ్పా కొత్త పువ్వుల జాకెట్ వేసుకుంది. అతను వెనకాల హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

"అక్కా, మాకు మొగుడూ పెళ్లాల కింద పొడిగింపు కావాలి," అంది.

"ఎందుకే నీకు ఆ తంటా?" అన్నాను. "దానికి నాలుగు లక్షల బాట్లు బ్యాంకులో చూపిస్తే చాలు, నిజమే. కానీ ముందు ఈయన బ్యాంకాక్ పోయి వాళ్ల రాయబార కార్యాలయంలో వేరే పెళ్లాం లేదని కాగితం తేవాలి. ఏడొందల కిలోమీటర్లు. అది అనువాదం చేయించాలి, దానిమీద ఇంకో ముద్ర. తర్వాత ఇంటికి ఆఫీసర్లు వస్తారు. మంచం మీద కూర్చున్న ఫోటో, వంటింట్లో ఫోటో, గుమ్మంలో ఫోటో. పక్కింటివాళ్ల సాక్ష్యం. అన్నీ ఇచ్చాక కూడా నెల్రోజులు వేచి చూడమంటారు."

"మరి వేరే దారుందా అక్కా?"

"రిటైరైనవాళ్ల పద్ధతి. ఎనిమిది లక్షలు పాస్‌బుక్‌లో ఉంటే చాలు. పొద్దున్న లోపలికి పోతే మధ్యాన్నం భోజనానికి బయటికొచ్చేస్తారు. ఈయన దగ్గర ఉందిగా డబ్బు?"

ఉంది. ఓడల్లో దాచుకున్నది సరిగ్గా అంతే, మూడు నెలల కిందే ఇక్కడి బ్యాంకులో వేశాడు.

పిమ్పా జాకెట్ అంచు లాక్కుంది. "కాగితం మీద నా పేరు ఉంటే బాగుంటుందని అక్కా, అంతే," అంది.

"పేరెందుకే పిచ్చిదానా? పొద్దున్నే నీకు అన్నం వండిపెట్టేది కాగితమా? కావాలంటే తర్వాత ఎప్పుడైనా రాయించుకోవచ్చు, ఎక్కడికి పోతుంది?"

ఆమె నవ్వేసింది. అతనికి సగమే అర్థమై అతనూ నవ్వాడు. నేను ఎనిమిది లక్షల ఫారం తీసి నింపేశాను. పదకొండున్నరకల్లా పాస్‌పోర్టులో ముద్ర పడింది. వాళ్లు వెళుతూ నాకు ఒక బుట్ట జిగురన్నం, ఎండబెట్టిన మాంసం ఇచ్చిపోయారు. నా సలహాకు నేనే మురిసిపోయాను. నోరా వీపుకు చేటు తేకే అంటారు. నా నోరు నా వీపుకు తెచ్చినా బాగుండేది, వాళ్ల వీపుకు తెచ్చింది.

ఏడాదికొకసారి జనవరిలో వచ్చేవారు. రివాజు ఒకటే. ఆ పొద్దున్నే బ్యాంకుకు పోయి వంద బాట్లు వేసి పాస్‌బుక్‌లో ఆ తేదీ పడేలా చూసుకోవాలి, మేనేజరు ఉత్తరం తీసుకోవాలి, రెండూ నా దగ్గర జిరాక్స్ తీయించుకోవాలి. అతని థాయ్ బాగుపడలేదు గానీ మేం ఇళ్లలో మాట్లాడుకునే లావో మాటలు మాత్రం పల్లెలో ముసలివాళ్ల దగ్గర నేర్చుకుని అచ్చం ఎడ్లబండి తోలేవాడిలా మాట్లాడేవాడు. ఆఫీసులో కుర్రపిల్లలు నవ్వు ఆపుకోలేకపోయేవారు.

"మా ముసలోడికి ఎనిమిది లక్షలున్నాయి గానీ ఐస్‌కి ఐదు బాట్లు నన్నే అడుగుతాడు," అని పిమ్పా వేళాకోళం చేసేది.

"అది నా డబ్బు కాదు. ఈ ఇమిగ్రేషన్ పోలీసోళ్ల డబ్బు, నేను కాపలా కాస్తన్నా," అనేవాడు ప్రేబెన్.

కొన్నేళ్లకు నిబంధన బిగించారు. ముద్రకు ముందు రెండు నెలలే కాదు, ముద్ర పడ్డాక మూడు నెలల దాకా కూడా ఎనిమిది లక్షలూ కదలకూడదు. ఆ తర్వాత ఏడాది పొడుగునా నాలుగు లక్షలకు తగ్గకూడదు. ఇది వచ్చిన రెండో ఏడు డన్‌కన్ అనే స్కాట్లండ్ ముసలాయన, ఫారాలు తనే నింపుకుని నా దగ్గర జిరాక్స్‌లు మాత్రం తీయించుకున్నవాడు, నా కళ్లముందే లోపలికి పోయి బిక్కముఖంతో బయటికొచ్చాడు. బ్యాంకువాళ్లు కార్డు ఖర్చు కింద రెండొందలు కోసుకున్నారు. పుస్తకంలో ఏడు లక్షల తొంభై తొమ్మిది వేల ఎనిమిది వందలు ఉంది. రెండొందల కోసం ఆయన పదిహేనేళ్ల కాపురం వదిలిపెట్టి విమానం ఎక్కాడు. పెళ్లాం రోడ్డు మీద కూర్చుని ఏడ్చింది. ఆ రోజు బెంచీ మీద ప్రేబెన్ ఉన్నాడు, అంతా చూశాడు. మర్నాడే బ్యాంకుకు పోయి తన కార్డును కత్తెరతో రెండు ముక్కలు చేయించాడు. పింఛన్లోంచి మిగిల్చి పైన ఇంకో పదమూడు వేలు వేశాడు. అప్పటినుంచి ఆ పుస్తకం అంటే అతనికి దేవుడి గదిలో దీపంతో సమానం.

మొన్న జనవరి పదిహేడున పన్నెండో ముద్ర పడింది. ఫిబ్రవరి ఇరవయ్యో తారీఖున, మధ్యాహ్నం ఎండలో, ఇద్దరూ మళ్లీ వచ్చారు. పని లేకుండా ఫిబ్రవరిలో ఎందుకొచ్చారా అనుకున్నాను. ప్రేబెన్ బండి దిగి మూడు మెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగాడు. మొహం బూడిద రంగులో ఉంది.

"అక్కా, గుండెలో మూడు నరాలు మూసుకుపోయాయట," అంది పిమ్పా. "నెల లోపల కోయాలన్నాడు డాక్టరు. ఈయనకి మనలాగా సర్కారు వైద్యం కార్డు లేదుగా. మూడు లక్షల ఎనభై వేలవుతుంది, సగం ముందే కట్టాలంట. ఇప్పుడు బ్యాంకులోంచి తీస్తే ఏమవుద్ది?"

ఆ ప్రశ్నకు నేను ఒక్క క్షణం ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఇరవై రెండేళ్ల అలవాటు నోట్లోంచి దానంతటది వచ్చేసింది.

"ఇప్పుడా? కుదరదు. ఏప్రిల్ పదిహేడు దాకా ఒక్క బాటు కదలకూడదు. కదిలిందంటే వచ్చే ఏడు పొడిగింపు లేదు, ఇంటికే." గోడమీద క్యాలెండర్ దించి ఏప్రిల్ పద్దెనిమిది చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీశాను. "ఈ రోజు తీసుకోండి. నాలుగు లక్షల దాకా ధీమాగా తీసుకోవచ్చు. నాలుగు మిగులుతుంది, ఎవరూ ఏమీ అనరు."

"డాక్టరు నెల అన్నాడక్కా."

"డాక్టర్లు అలాగే అంటారే. భయపెట్టకపోతే మనం కదలమని."

ప్రేబెన్ క్యాలెండర్ దగ్గరికొచ్చి వేలితో గళ్లు లెక్కపెట్టాడు. "యాభై ఏడు రోజులు," అన్నాడు. "ఫరవాలేదు. ఇంతకంటే పాడు ఇంజన్లతో సముద్రాలు దాటా."

పిమ్పా నా వంక చూసింది. ఇంకేదైనా చెప్తానేమోనని చూసింది. నేను ఎర్ర పెన్నుకు మూత పెట్టాను. వెళ్లిపోయారు.

ఆ రాత్రి కాదు గానీ, మరో రెండు మూడు రోజులకు నాకు మనసులో పీకడం మొదలైంది. తింటుంటే అతను మెట్లమీద ఆగిన తీరే కనిపించేది. మార్చి మొదటి తారీఖున లోపలి ఆఫీసులో పనిచేసే లెఫ్టినెంట్ నంతియా జిరాక్స్‌కు వస్తే పట్టుకుని అడిగాను. ఆమె నా కూతురి ఈడుది, మంచి పిల్ల.

"అదేంటత్తా, డబ్బు తియ్యమను!" అంది నంతియా. "ఇప్పుడున్న ముద్రని ఎవరైనా ఇంటికొచ్చి చెరుపుతారా? మేం పుస్తకం చూసేది వచ్చే జనవరిలో కదా. ఇంకా పది నెలలుంది. ఆలోగా పెళ్లి రిజిస్టర్ చేయించుకుని భార్య కింద పెట్టుకోమను. నాలుగు లక్షలే చాలుతుంది."

"అప్పుడు ఒప్పుకుంటారా? ఈ ఏడు డబ్బు కదిలిందని అడ్డం పెట్టరుగా?"

నంతియా కాగితాలు సర్దుకుంది. "అది పెద్దసారు చూసుకోవాలి. నేను మాటివ్వలేనత్తా. కానీ మనిషి బతకాలి కదా ముందు."

ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు? ఎప్పుడూ జనవరి ముద్ర గురించే ఆలోచించే బుర్రకు మధ్యలో ఉన్న పదకొండు నెలలు కనిపించవు. షట్టర్ దించేసి స్కూటర్ మీద పల్లెకు పోయాను.

స్తంభాల మీద లేపి కట్టిన ఇంటి కింద, నీడలో, ప్రేబెన్ గుడ్డ కుర్చీలో కూర్చున్నాడు. కాళ్ల దగ్గర ఫ్యాను. పిమ్పా వెదురు మొలకలు చెక్కుతోంది. నేను చెప్పాల్సింది గబగబా చెప్పేశాను. పిమ్పా చేతిలో కత్తి ఆగిపోయింది.

"విన్నావా ముసలోడా? రేపే బ్యాంకుకు పోదాం."

ప్రేబెన్ నన్నే చూస్తున్నాడు. "మాటిచ్చిందా, ఆ అమ్మాయి?"

"ఇవ్వలేదు పెద్దాయనా. ఎవరూ ఇవ్వరు. కానీ…"

"ఇవ్వలేదు," అన్నాడు. "మరి డన్‌కన్‌కి రెండొందలకే ఏమయింది?"

"డన్‌కన్ గోల ఇప్పుడెందుకు!" పిమ్పా లేచి నిలబడింది. "నువ్వు చస్తే ఆ పుస్తకం నీ నోట్లో పెట్టి కాలుస్తా, సరేనా? నా గొలుసు అమ్మేశా, ఇరవై రెండు వేలు వచ్చింది. పొలం అమ్ముదామంటే సర్కారు పట్టా, అమ్మకూడదంట. ఇంకేం అమ్మను? నన్ను అమ్ముకుంటే ఎవడు కొంటాడు ఈ వయసులో?"

"పిమ్పా, కూచో."

"కూచోను!"

"కూచో, చెప్తా." అతనికి మాట మధ్యలో ఊపిరి చాలడం లేదు. "నేను పద్నాలుగో ఏట ఇల్లు వదిలా. ఓడలు, అద్దె గదులు. మా దేశంలో పెళ్లి చేసుకున్నా, ఆ ఇంట్లో కూడా చుట్టంలా ఉన్నా. ఇదిగో, ఈ కుర్చీ దగ్గరికొచ్చాకే ఇంటికొచ్చా అనిపించింది. వీళ్లు నన్ను పంపించేస్తే, బాగుచేసిన గుండె పెట్టుకుని అక్కడ నేనేం చేసుకోవాలి? నాకు చావంటే భయం లేదు. ఇక్కడ కాకుండా ఇంకెక్కడో చావాలంటేనే భయం."

పిమ్పా ఏడుస్తూ మొలకలు చెక్కింది. కాసేపటికి ఆమే అడిగింది, "అయితే పెళ్లి రాయించుకుందాం. దానికేం కావాలక్కా?"

"మొదటి భార్య పోయినట్టు వాళ్ల దేశం కాగితం కావాలి. అది అక్కడ ఉన్నవాళ్లు ఎవరైనా తీసి పంపితే తొందరగా వస్తుంది. మీకెవరున్నారు పెద్దాయనా?"

అతనికి ఒక కూతురుందని ఆ రోజే నాకు తెలిసింది. పేరు దోర్తె. తల్లి చావుకు అతను అందలేదు, నడిసముద్రంలో ఉన్నాడు. ఆ కోపంతో ఆమె పద్నాలుగేళ్లుగా మాట్లాడడం లేదు. పిమ్పా సంగతి ఆమెకు తెలియదు.

"ఇన్నేళ్లు రాయనివాడిని, కాగితం కావాలని రాయనా?" అన్నాడు. "ఆపరేషనయ్యాక రాస్తా. అప్పుడు అన్నీ కలిపి రాస్తా."

నేను ఇంకా గట్టిగా పట్టుబట్టాల్సింది. పట్టుబట్టలేదు. పరాయి సంసారం, తండ్రీ కూతుళ్ల మధ్య నేనెవరిని అనుకున్నాను. మొదటి రోజు వాళ్ల సంసారంలో వేలు పెట్టినప్పుడు మాత్రం ఆ వివేకం నాకు లేదు!

మార్చిలో పిమ్పా ఊరి పెద్దల్ని పిలిచి ప్రాణాలను వెనక్కి పిలిచే తంతు చేయించింది. మనిషి ఒంట్లో ముప్పై రెండు ప్రాణాలుంటాయి, జబ్బు చేస్తే భయపడి అడవిలోకో నదిలోకో పారిపోతాయి, పేరు పెట్టి పిలిచి దారంతో కట్టేయాలి. నేనూ వెళ్లాను. ముసలమ్మలు ఒక్కొక్కరే వచ్చి "రావయ్యా ప్రాణమా, ఇంటికి రావయ్యా, అన్నం చల్లారిపోతోంది," అంటూ అతని చేతికి దారాలు కట్టారు. మోచేతి దాకా తెల్లగా అయిపోయింది. పిమ్పా ఆఖరున కట్టింది. ముడి వేస్తుంటే రెండుసార్లు జారిపోయింది.

"గట్టిగా కట్టు. ఇంజను కదా, ఊడితే కష్టం," అన్నాడతను. అందరూ నవ్వారు.

ఏప్రిల్ రెండో తారీఖు ఆదివారం. పిమ్పా పొద్దున జిగురన్నం ఆవిరి మీద పెట్టి కిందికొచ్చింది. అతను కుర్చీలో ఉన్నాడు. "ఉడికినట్టుంది, వాసనొస్తోంది," అన్నాడట. ఆమె పైకి పోయి బుట్ట తిరగేసి, అన్నానికి విసనకర్రతో విసిరి, చిన్న బుట్టలో పెట్టి తెచ్చేసరికి తల పక్కకు వాలిపోయింది. పక్కింటివాళ్ల పికప్ బండిలో ఆసుపత్రికి తీసుకుపోయారు. దారిలోనే పోయాడన్నారు. ఎర్ర గీత గీసిన తేదీకి ఇంకా పదహారు రోజులుంది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు కదా, అది అప్పుడు మొదలైంది. ఆసుపత్రివాళ్లు శవాన్ని ఇవ్వలేదు. తప్పు వాళ్లది కాదు, పద్ధతి అది. విదేశీయుడు పోతే రాయబార కార్యాలయానికి చెప్పాలి, వాళ్లు రక్తసంబంధీకుల్ని వెతకాలి, వాళ్లు సరేనని రాయాలి. "మీరేమవుతారు?" అని అడిగారు పిమ్పాను. "భార్యను," అంది. "పెళ్లి పత్రం చూపించండి," అన్నారు. ఆమె పెళ్లినాడు ఊరంతా దారాలు కట్టిన తన మణికట్టు చూపించింది.

ఆరు రోజులు ఆమె శవాల గది బయట సిమెంటు గట్టు మీద చాప వేసుకుని కూర్చుంది. నేను రోజూ అన్నం తీసుకుపోయేదాన్ని. తినేది కాదు. "లోపల చలిగా ఉంటుందక్కా, ఈయనకి చలంటే గిట్టదు, అందుకే కదా మన దేశం వచ్చింది," అనేది. నేను వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకునేదాన్ని. నువ్వు ఆ రోజు నన్ను ఆపకపోతే అని ఒక్క మాటైనా అంటే నాకు కొంత బరువు దిగేది. ఆమె అనలేదు. ఇవాళ్టి వరకూ అనలేదు.

ఏడో రోజు కాగితం వచ్చింది. కూతురు అక్కడినుంచి ఒప్పుకుంది. దాంట్లో ఇలా ఉంది: మృతుడు నివసించిన ఇంటి యజమానురాలు శ్రీమతి పిమ్పాకు అంత్యక్రియల నిమిత్తం దేహం అప్పగించవచ్చు. ఇంటి యజమానురాలు! విదేశీయుడికి ఇల్లిచ్చినవాళ్లు పోలీసులకు తెలియజేయాలని మాకు చట్టం. పిమ్పా పేరు సర్కారు కాగితాల్లో ఉన్నది ఆ ఒక్క చోటే. ఆ ఫారం నింపింది కూడా నేనే.

ఏప్రిల్ నడిమధ్యలో వచ్చే మా కొత్త సంవత్సరం పండగకు ముందే దహనం చేశారు. ఊళ్లో ప్రతి ఇంటినుంచీ ఒక మనిషి వచ్చి కట్టెల మీద గంధపు పువ్వు పెట్టాడు. ఖర్చుకు పిమ్పా మోటార్ సైకిల్ తాకట్టు పెట్టింది. నేను ఊరుకోలేక ఆమెను బ్యాంకుకు లాక్కుపోయాను. మేనేజరు నా మొహం ఎరిగినవాడే. పుస్తకం చూసి తలవంచుకున్నాడు.

"ఎనిమిది లక్షల పదమూడు వేలు, ఒక్క బాటు కదల్లేదు. కానీ ఖాతా ఆపేశాం ఉబోన్ గారూ. కోర్టు ఎవరిని వారసులంటే వాళ్లకే. ఈమె పేరు ఎక్కడా లేదు కదా."

"అది మాకు అక్కర్లేదు సార్," అంది పిమ్పా. "చావు ఖర్చుకు మాత్రం వస్తుందేమోనని మా అక్క తీసుకొచ్చింది." అని, కౌంటరు మీద చేతులు జోడించి దండం పెట్టి బయటికి నడిచింది. ఆ డబ్బు కోసం అతను చచ్చిపోయాడని ఆ ఏసీ గదిలో గట్టిగా అరవాలనిపించింది నాకు. అరిచేదేముంది, ఆ మాట నన్నే తిట్టుకున్నట్టు.

జూన్ నెలాఖరులో కూతురి దగ్గర్నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. వానలో తడుస్తూ, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పిమ్పా దాన్ని నా దగ్గరికి తెచ్చింది. బస్సులో వచ్చింది, బండి ఇంకా విడిపించుకోలేదు. గిరాకీ ఎవరూ లేరు. నేను చదువుతూ ఒక్కొక్క ముక్కే మన మాటల్లో చెప్పాను.

"అమ్మా, మా నాన్న పదకొండేళ్లు మీ ఇంట్లో అద్దెకున్నట్టు కాగితాల్లో చూశాను. ఆయన అంత్యక్రియలు మీరు చేసినందుకు ధన్యవాదాలు. ఆయన పేరు మీద కొంత డబ్బు ఉన్నట్టు తెలిసింది. మీకు అద్దె గానీ, కరెంటు ఖర్చు గానీ, అంత్యక్రియల ఖర్చు గానీ బాకీ ఉంటే మొహమాటపడకుండా రాయండి, అందులోంచి పంపిస్తాను. ఆయన బట్టలూ సామానూ మీకు అడ్డమనిపిస్తే పారేయండి."

ఇక్కడ ఆగాను. పిమ్పా మిగిలిన వరసల మీద వేలు పెట్టింది. "ఇంకా ఉన్నట్టుందే అక్కా, చదువు," అంది.

"మేమిద్దరం చాలా ఏళ్లుగా మాట్లాడుకోలేదు. తప్పు ఎవరిదో ఇప్పుడు అనుకుని లాభం లేదు. మీకు తెలిస్తే ఒక్కటి చెప్పండి. ఆఖరి రోజుల్లో నాన్న ఒంటరిగా ఉన్నారా?"

బయట వాన గట్టిగా పడుతోంది. నేను కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాను.

"ఇక చాలు, నేను రాస్తానే," అన్నాను. "మొత్తం రాస్తా. నువ్వెవరో, ఆయనకు నువ్వేమిటో, ఎందుకు ఆగాడో, అన్నీ. ఫోటోలున్నాయి, ఊరంతా సాక్ష్యం ఉంది. ఆ పిల్ల చెడ్డదిలా లేదు. నీకు న్యాయం చేస్తుంది."

"వద్దక్కా."

"ఎందుకే వద్దు?"

"బతికున్నప్పుడు చెప్పని మాట, ఆయన పోయాక, డబ్బుందని తెలిశాక చెబితే, దేనికి చెప్పాననుకుంటుంది?" అంది. "పాపం ఆ పిల్లకి తండ్రి మీద ఉన్న కోపం ఇప్పుడే కాస్త తగ్గింది. మళ్లీ రేపొద్దక్కా."

"మరేం రాయను?"

పిమ్పా తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంది.

"బాకీ ఏమీ లేదని రాయి. అద్దె ఎప్పటికప్పుడు ఇచ్చేసేవాడని రాయి. ఒంటరిగా లేడని రాయి. పొద్దున్నే వేడన్నం తెచ్చేసరికి పోయాడు, పక్కన ఇంటివాళ్లున్నారని రాయి."

అలాగే రాశాను. నాకొచ్చిన ఇంగ్లీషులో ఐదు వాక్యాలు. కింద ఆమె పేరు టైపు చేసి ఆగాను. "పేరు కింద ఏమని పెట్టను పిమ్పా?"

"వాళ్లు పెట్టిందే పెట్టు."

పదకొండేళ్ల క్రితం ఆమె అడిగిన పేరు వద్దన్న చేత్తోనే, 'ఇంటి యజమానురాలు' అని టైపు చేశాను. ఆమె దాని కింద వంకర అక్షరాలతో నెమ్మదిగా సంతకం చేసింది. తర్వాత సంచి మడిచి చంకలో పెట్టుకుని, ఎంతయిందక్కా అని అడిగింది.